ఎనిమిదవ దినపు సంతోషము

పఠన భాగములు: లూకా 1:57–66, రూతు 4:13–17



యూదుల ఇంట బిడ్డకు పేరు పెట్టు దినము ఎట్టిదో లూకా తన సువార్త మొదటి అధ్యాయములో మనకు చూపించుచున్నాడు. అది యూదయ కొండసీమలోని ఒక ఊరు. జెకర్యా అబీయా తరగతికి చెందిన యాజకుడు. ఎలీసబెతు అహరోను సంతతిలోని స్త్రీ. ఇద్దరును నీతిగా నడుచుకొన్నవారే గాని ఇద్దరును వృద్ధులైరి, ఒడిలో బిడ్డ లేదు. ఏండ్ల తరబడి ఆమె ఊరివారి నోట నలిగినది. దేవుడు జ్ఞాపకము చేసికొని ఆమెకు కుమారుని అనుగ్రహించినప్పుడు, మనుష్యులలో తనకున్న నిందను ప్రభువు తీసివేసెనని ఆమె చెప్పుకొనెను. గొడ్రాలను మాట ఎంత బరువైనదో ఆ బరువు మోసిన వారికే తెలియును.

బిడ్డ పుట్టెను. అప్పుడు ఊరివారు ఏమి చేసిరి? ప్రభువు ఆమెమీద మహా కనికరము చూపెనని విని పొరుగువారును బంధువులును ఆమెతో కూడ సంతోషించిరని లూకా వ్రాసెను. ఎనిమిదవ దినమున వారందరును ఆ ఇంటికి వచ్చిరి. సున్నతి జరుగవలెను, పేరు పెట్టవలెను. ఈ దినమును గూర్చి మనము కొంచెము ధ్యానించుదము. ఎందుకనగా మన ఇండ్లలోను బిడ్డలు పుట్టుచున్నారు, పేర్లు పెట్టబడుచున్నవి, ఇరుగుపొరుగువారు వచ్చుచున్నారు. అయితే ఎవరి బిడ్డకు ఎంత సంతోషించుచున్నాము? ఎవరిని పిలుచుచున్నాము? ఎవరిని గుమ్మము బయట నిలుపుచున్నాము? ఆ సంగతి దేవుని యెదుట విచారించుకొనదగినది.

ఆచారము ఎక్కడనుండి వచ్చెను

ఎనిమిదవ దినపు సున్నతి అబ్రాహాముతో దేవుడు చేసిన నిబంధనకు గురుతు. ఆదికాండము 17వ అధ్యాయములో ఆ ఆజ్ఞ యున్నది. ఆ అధ్యాయములోనే దేవుడు అబ్రామును అబ్రాహాముగాను, శారయిని శారాగాను మార్చెను. పుట్టబోవు బిడ్డకు ఇస్సాకు అని పేరును చెప్పెను. నిబంధనయు పేరును ఒకే చోట మనకు కనబడుచున్నవి. అయినను పాత నిబంధన కాలమున బిడ్డ పుట్టినప్పుడే పేరు పెట్టినట్టు అనేక చోట్ల చదువుచున్నాము. సున్నతి దినముననే, బంధువుల యెదుట, పేరు పెట్టుట లూకా సువార్తలో స్పష్టముగా కనబడుచున్నది. యోహానుకు అట్లే జరిగెను. మన ప్రభువునకు కూడ ఎనిమిదవ దినముననే యేసు అను పేరు పెట్టబడెను (లూకా 2:21).

ఆ దినము నేటికిని యూదుల ఇండ్లలో నిలిచియున్నది. విశ్రాంతి దినమైనను దానిని తప్పించరు; మన ప్రభువు కూడ యోహాను సువార్త 7వ అధ్యాయములో ఈ సంగతి ఎత్తి మాటలాడెను. బిడ్డకు జబ్బుగా ఉన్నయెడల మాత్రము స్వస్థపడువరకు ఆగుదురు, ఎందుకనగా ప్రాణమును కాపాడుట వారికి గొప్ప ఆజ్ఞ. సున్నతి చేయువానిని మొహేల్ అందురు. బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండు పెద్దను సందేక్ అందురు. తరచుగా ఈ గౌరవము తాతకు దక్కును. ద్రాక్షారసపు గిన్నె పట్టుకొని దేవుని స్తుతించి, ఫలాని వాని కుమారుడైన ఫలానివాడు అని బిడ్డ పేరును అందరు వినునట్లు చెప్పుదురు. ఆ బిడ్డ ధర్మశాస్త్రమునందును, వివాహమునందును, సత్క్రియలయందును ప్రవేశించునట్లు కూడినవారందరు దీవించుదురు. తరువాత భోజనము. ఆ భోజనము కేవలము విందు కాదు. అది కూడ దేవుని ఆజ్ఞను నెరవేర్చుటలో భాగమని వారు ఎంచుదురు.

ఆ కూటములో ఒక కుర్చీ ఖాళీగా ఉండును. అది ఏలీయా ప్రవక్త కుర్చీ. బిడ్డను ఒక క్షణము దానిమీద ఉంచుదురు. ఇది జెకర్యా దినముల తరువాత వచ్చిన ఆచారము. ఇశ్రాయేలీయులు నిబంధనను విడిచిరని ఏలీయా హోరేబు కొండమీద దేవునితో మొరపెట్టెను గదా (1 రాజులు 19). విడిచిరని చెప్పిన ప్రవక్తయే, విడువలేదనుటకు ప్రతి ఇంట సాక్షిగా వచ్చి కూర్చుండవలెనని యూదుల పెద్దలు చెప్పుదురు. ఎంత చక్కని తలంపు! అంతా పోయినది, ఎవరును మిగులలేదు అని నిట్టూర్చు సేవకుని, పసిబిడ్డ ఏడ్పు వినబడు ఇంటికి రమ్మని పిలిచినట్లున్నది. మన సంఘములు చిన్నవైపోయెనని దిగులుపడు పెద్దలు ఈ కుర్చీని జ్ఞాపకము చేసికొనవలెను.

మొదటిది: పేరు దేవుని కృపకు సాక్ష్యము

జెకర్యా ఇంట ఆ దినమున చిన్న తగవు పుట్టెను. వచ్చినవారు తండ్రి పేరునుబట్టి బిడ్డకు జెకర్యా అని పెట్టబోయిరి. తల్లి, ఆలాగు కాదు, యోహాను అని పెట్టవలెననెను. మీ బంధువులలో ఆ పేరు గలవాడు ఎవడును లేడే అని వారు అడ్డుచెప్పిరి. తల్లి మాట వారికి చాలలేదు. నోరు మూయబడియున్న తండ్రికి సైగలు చేసిరి. అతడు వ్రాత పలక తెమ్మని సైగచేసి, యోహాను అనియే వ్రాసెను. వెంటనే అతని నోరు తెరువబడెను. అతడు మొదట పలికినది దేవుని స్తోత్రము.

ఈ మూడు పేర్లను మనస్సున పెట్టుకొనుడి. జెకర్యా అనగా యెహోవా జ్ఞాపకము చేసికొనెను. ఎలీసబెతు అనగా నా దేవుడు ప్రమాణము చేసినవాడు. యోహాను అనగా యెహోవా కృపగలవాడు. దేవుడు ప్రమాణము చేసెను, జ్ఞాపకము చేసికొనెను, కృప చూపెను. ఒక్క కుటుంబపు పేర్లలోనే సువార్త అంతయు ఇమిడియున్నది. ప్రమాణమును ఎరిగిన తల్లి, జ్ఞాపకము చేసికొనబడిన తండ్రి, తమ ఒడిలోని బిడ్డను చూచి కృప అని పిలిచిరి.

బంధువులు చెప్పిన పేరు చెడ్డది కాదు. పెద్దల పేరు నిలుపుట మంచిదే. యూదులలో తూర్పు ఐరోపా వంశస్థులు చనిపోయిన తాత ముత్తాతల పేర్లు పెట్టుదురు, బ్రతికియున్నవారి పేరు పెట్టరు. స్పెయిన్ దేశమునుండి చెదరిపోయిన వంశస్థులైతే బ్రతికియున్న తాత అవ్వల పేర్లే సంతోషముతో పెట్టుదురు. మన పల్లెలలోను తాత పేరు మనుమనికి పెట్టుట ఉన్నది. అయితే ఈ బిడ్డ విషయములో దేవుడు ముందుగా మాటలాడియుండెను. దేవుడు మాటలాడిన చోట వాడుక ఎంత మంచిదైనను రెండవ స్థానమునకు దిగవలెను.

పేరు పెట్టుటలో భయము కూడ పనిచేయుచుండును. మన పల్లెలలో ముందు పుట్టిన బిడ్డలు దక్కనియెడల, తరువాతి బిడ్డను పెంటమీద ఉంచి తీసికొని పెంటయ్య అని, పెంటమ్మ అని, ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య అని, పుల్లమ్మ అని పెట్టుట మీరెరుగుదురు. హీనమైన పేరు పెట్టినయెడల మృత్యువు కన్ను పడదని ఆ తల్లి ఆశ. తూర్పు ఐరోపా యూదులలోను ఇట్టి వాడుక యుండెను. జబ్బుపడిన బిడ్డకు ఆల్తెర్ అని, అనగా ముసలివాడని, పేరు పెట్టుదురు. మరణదూత బిడ్డకొరకు వచ్చి ముసలివాని పేరు విని మరలిపోవునని తలంపు. హయ్యీమ్, అనగా జీవము, అను పేరును చేర్చుటయు కలదు. ఈ పేర్లను చూచి నవ్వవద్దు. వాటి వెనుక బిడ్డలను పాతిపెట్టిన తల్లుల కన్నీళ్లున్నవి. వారికి చెప్పవలసినది ఒక్కటే: మృత్యువును మోసగించుటకు మన బిడ్డ పేరు హీనపడనక్కరలేదు, మృత్యువును జయించినవాడు మన పక్షమున ఉన్నాడు. ఇక ఆ పేరు ధరించి దేవుని యెదుట యథార్థముగా నడిచిన పెంటయ్యలు, పుల్లమ్మలు మన సంఘములలో ఎందరో యున్నారు. ఆ పేర్లు కూడ పరలోకమందు ఎరుగబడినవే.

రెండవది: పేరు పెట్టుట ఒక ఇంటి పని కాదు

రూతు గ్రంథపు చివర ఒక వింత కలదు. బోయజునకును రూతునకును కుమారుడు పుట్టెను. అయితే ఓబేదు అని పేరు పెట్టినది తండ్రి కాదు, తల్లి కాదు, బేత్లెహేములోని పొరుగు స్త్రీలు. నయోమికి కుమారుడు పుట్టెనని వారు చెప్పుకొనిరి. ఆమె ఎవతె? భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, తన పేరు మధురమనుటకు తగినది కాదు, నన్ను మారా అనుడి, చేదు అనుడి అని ఊరి వాకిట ఏడ్చిన విధవరాలు. ఆ విధవరాలు బిడ్డను కౌగిట తీసికొని దాదియాయెను. చుట్టుపక్కల స్త్రీలు దేవుని స్తుతించిరి. ఆ బిడ్డ దావీదు రాజునకు తాతయాయెను.

ప్రియులారా, ఈ చిత్రమును మన వాడుకతో పోల్చి చూడుడి. మన ఇండ్లలో బిడ్డను ఉయ్యాలలో వేయునప్పుడు, పేరు పెట్టునప్పుడు, విధవరాలు ముందుకు రాకూడదని, బిడ్డలు లేని స్త్రీ బిడ్డను ఎత్తుకొనకూడదని ఇంకను కొందరు తలంచుచున్నారు. బాప్తిస్మము పొందితిమి గాని ఆ జంకు మనలను విడువలేదు. ఆ స్త్రీకి తెలియును. ఆమె తానే వెనుక వరుసలో నిలుచుండును, పిలువకపోతిరేమని అడుగదు. నయోమి నిలుచుండవలసిన చోట మనము ఆమెను నిలువనియ్యకున్నాము. ఎలీసబెతు ముసలితనమువరకు బిడ్డ లేక యుండెను గదా; ఆ దినములలో ఆమె పొరుగింటి పేరుపెట్టు దినమునకు వెళ్లినయెడల మనవంటివారు ఆమెను ఎక్కడ కూర్చుండబెట్టియుందురు? దేవుడు ఎవరి నిందను తీసివేయుటకు పరలోకమునుండి గబ్రియేలును పంపెనో, అట్టివారి నిందను మన గుమ్మముల యొద్ద నిలుపుట న్యాయమా?

యూదులలో ఒక మంచి వాడుక యున్నది. సున్నతి దినమునకు అనేకులు ఎవరిని పేరుపేరున ఆహ్వానింపరు. ఫలాని వేళకు, ఫలాని చోట జరుగునని తెలియజేయుదురు, అంతే. పిలిచిన తరువాత రాకపోవుట దేవుని ఆజ్ఞను కాదన్నట్లగును గనుక, ఎవనికిని ఆ భారము కలుగకూడదని వారి తలంపు. ఆ వాడుకలో మనకు మరియొక పాఠమును కలదు. పిలుపు లేనప్పుడు పిలువబడనివాడును ఉండడు. సంగతి ఊరంతటికి తెలియును, తలుపు తెరిచియుండును, వచ్చినవాడు బంధువే.

ఖర్చు సంగతి కూడ చెప్పవలెను. తూర్పు ఐరోపా యూదులు మగబిడ్డ పుట్టిన తరువాత వచ్చు శుక్రవారపు రాత్రి స్నేహితులను ఇంటికి చేర్చుకొందురు. అప్పుడు పెట్టు తినుబండారములలో ముఖ్యమైనవి ఉడికించిన శనగలు, మన గుగ్గిళ్లవంటివే. మన దేశములోనే కొంకణ తీరమున శతాబ్దములుగా నివసించిన బెనె ఇశ్రాయేలీయులను యూదులున్నారు. వారి పితరులు పల్లెలలో గానుగ ఆడించి నూనె తీయువారు. శనివారము పని మానుదురు గనుక ఊరివారు వారిని శనివారపు తేలీలు, అనగా శనివారపు గానుగవారు, అని పిలిచిరి. 1948 తరువాత వారిలో అనేకులు ఇశ్రాయేలు దేశమునకు వెళ్లిరి గాని కొన్ని వేలమంది ఇక్కడనే యున్నారు. వారింట శుభము కలిగినప్పుడు ఒక పళ్లెములో తీపి అటుకులు, కొబ్బరి, పండ్లు ఉంచి, ఏలీయా ప్రవక్తను స్మరించి, దేవునికి స్తోత్రము చెల్లించి, కూడినవారందరు పంచుకొని తిందురు. దానిని మలీదా అందురు. గుగ్గిళ్లు, అటుకులు, కొబ్బరి! ఈ వస్తువులు ఏ కూలివాని ఇంటికైనను అందునవే. సంతోషము దేవుని యొద్దనుండి వచ్చినదైతే దానికి షామియానాయు, మైకును, అప్పు పత్రమును అక్కరలేదు. బిడ్డ పేరు పెట్టిన దినమున చేసిన అప్పు బిడ్డ బడికి వెళ్లు దినమువరకు తీరనియెడల, మనము బిడ్డను దీవించితిమా, బిడ్డమీద బరువు మోపితిమా?

మూడవది: కుమార్తె పేరు

ఇప్పుడు కొంచెము కఠినమైన మాట. లేయా కన్న బిడ్డలను గూర్చి ఆదికాండము 29, 30 అధ్యాయములు చదివినప్పుడు, ప్రతి కుమారుని పేరునకును తల్లి ఒక కారణము చెప్పుట చూతుము. ఒకని పేరులో తన శ్రమ, మరియొకని పేరులో తన స్తుతి. ఆరవ కుమారుడు జెబూలూను పుట్టినప్పుడు దేవుడు తనకు మంచి బహుమానము దయచేసెనని ఆమె పలికెను. ఆ వెంటనే ఆమె ఒక కుమార్తెను కని దీనా అని పేరు పెట్టెనని ఒక్క వాక్యము కలదు. కారణము లేదు, పాట లేదు, స్తోత్రము లేదు. ఆ ఇంట మగబిడ్డలకొరకు అక్కచెల్లెండ్రు పడిన పోటీలో దీనా పేరు మీద నిలిచి ఆలోచించుటకు ఎవరికిని తీరిక లేదేమో. తరువాత ఆ కుమార్తెకు కలిగిన దుఃఖము 34వ అధ్యాయములో చదివి మనము నిట్టూర్చుచున్నాము.

అయితే వినుడి. స్పెయిన్ వంశస్థులైన యూదులు కుమార్తెకు పేరు పెట్టు ఆరాధనను జెవెద్ హబ్బత్ అందురు. అనగా కుమార్తె అను బహుమానము. జెవెద్ అను ఆ మాట ఎక్కడిది? లేయా తన ఆరవ కుమారుని చూచి పలికిన మాటయే. కుమారునికి పలుకబడిన దీవెనను తెచ్చి వారు కుమార్తె తలమీద ఉంచిరి! దీనాకు దక్కని మాట ఆమె తరువాతి కుమార్తెలకు దక్కెను. ఇతర యూదులలో, సమాజమందిరమున ధర్మశాస్త్రము చదువు దినమున తండ్రి ముందుకు పిలువబడి, తల్లికొరకును బిడ్డకొరకును దీవెన చెప్పబడి, కుమార్తె పేరు ప్రకటింపబడును. పూర్వము అనేక చోట్ల అంతటితో సరిపెట్టుకొనెడివారు. తల్లియు బిడ్డయు ఇంటనే యుండెడివారు. 1970వ సంవత్సరము తరువాతి కాలమున అమెరికా మొదలగు దేశములలో సిమ్హత్ బత్, అనగా కుమార్తెను గూర్చిన సంతోషము, అను కూటము మిక్కిలి వ్యాపించెను. బంధువులును స్నేహితులును చేరుదురు, బిడ్డకు ఆ పేరు ఎందుకు పెట్టితిమో తలిదండ్రులు చెప్పుదురు, దీవెనలు పలుకుదురు, భోజనము చేయుదురు. దీనా పేరునకు చెప్పబడని కారణము ఇప్పుడు ప్రతి కుమార్తె పేరునకును అందరి యెదుట చెప్పబడుచున్నది.

మన సంగతి ఏమి? మగబిడ్డ పుట్టినయెడల మిఠాయి పంచుదుము. మూడవ ఆడబిడ్డ పుట్టినయెడల చూడ వచ్చినవారు తల్లి మంచము యొద్ద నెమ్మదిగా మాటలాడుదురు. మళ్లీ ఆడపిల్లయేనా అని ఒక అవ్వ అనును. వచ్చేసారి దేవుడు చూచునులే అని మరియొకతె అనును. అనగా ఈసారి దేవుడు చూడలేదనియా వారి భావము? బాలెంతరాలు గోడవైపు తిరిగి పండుకొనును. పుట్టకముందే ఆడబిడ్డను పోగొట్టు పాపము మన దేశమున ఎంత పెరిగెననగా, గర్భములోని శిశువు ఆడో మగో తెలిసికొని చెప్పుటను నిషేధించుచు 1994వ సంవత్సరమున చట్టమే చేయవలసి వచ్చెను. ఈ పాపము సంఘము గడప దాటి లోపలికి రాలేదని మనము ధైర్యముగా చెప్పగలమా?

దేవుని గ్రంథము కుమార్తెల పేర్లను మరచిపోలేదు. సెలోపెహాదు కుమారులు లేక చనిపోయెను. అతని అయిదుగురు కుమార్తెలు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే యెదుట నిలిచి మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడిగిరి. వారు చెప్పినది యుక్తమని దేవుడే తీర్పు తీర్చెను (సంఖ్యాకాండము 27). ఆ అయిదు పేర్లును ఒకసారి కాదు, అనేక పర్యాయములు వ్రాయబడినవి. కుమారుడు లేనియెడల పేరు నిలువదని భయపడు తండ్రీ, ఆ తండ్రి పేరు నేడు నీకు ఎట్లు తెలిసెను? కుమార్తెల మూలముగా కాదా? బేత్లెహేము స్త్రీలు కూడ నయోమితో, నీ కోడలు ఏడుగురు కుమారులకంటె నీకు మేలైనదనిరి. లోకము తూచిన తూనిక వేరు, దేవుని తూనిక వేరు.

నాలుగవది: పేరు తీసివేయు లోకము, పేరు పెట్టి పిలుచు దేవుడు

పేరు ఎంత విలువైనదో దానిని లాగివేయు వారిని చూచినప్పుడు తెలియును. 1938 ఆగస్టు 17వ తేదీన జర్మనీలోని నాజీ ప్రభుత్వము ఒక ఉత్తరువు చేసెను. యూదులు ఉంచుకొనదగిన పేర్ల పట్టీ ఒకటి ప్రభుత్వము చేసెను. పట్టీలో లేని పేరు గల మగవారు ఇశ్రాయేలు అనియు ఆడువారు సారా అనియు తమ పేరునకు చేర్చుకొనవలెను. 1939 జనవరి 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చెను. శారా అను మహారాజ్ఞివంటి పేరును వారు అవమానపు గురుతుగా వాడిరి. తరువాత ఆష్విట్జ్ అను శిబిరములో పేరును మాన్పించి చేతిమీద అంకె పొడిచిరి. మొత్తము 60 లక్షల మంది యూదులు చంపబడిరి. వారిలో సుమారు 15 లక్షల మంది బిడ్డలు. ఎనిమిదవ దినమున దీవింపబడి పేరు పొందిన బిడ్డలు! క్రైస్తవ దేశమని పేరు పొందిన చోట ఇది జరిగెననియు, సంఘములలో అనేకులు నోరు మెదపలేదనియు మనము సిగ్గుతో జ్ఞాపకము చేసికొనవలెను.

యెరూషలేములో 1953వ సంవత్సరమున ఒక స్మారక సంస్థ ఏర్పడెను. దాని పేరు యాద్ వషేమ్. అది యెషయా 56వ అధ్యాయమునుండి తీసికొనబడినది. బిడ్డలు లేనివారికి తన ఇంట జ్ఞాపకమును పేరును ఇచ్చెదనని దేవుడు పలికిన చోటు అది. అక్కడ బిడ్డలకొరకు ఒక చీకటి మందిరమున్నది. దీపముల వెలుగు అద్దములలో ప్రతిఫలించి నక్షత్రములవలె కనబడును. చనిపోయిన బిడ్డల పేరును, వయస్సును, పుట్టిన చోటును ఒక స్వరము చదువుచుండును. అంకెగా చంపబడినవారిని పేరు పెట్టి తిరిగి పిలుచుచున్నారు.

మన పితరులకు కూడ ఈ బాధ కొంత తెలియును. మన తాతల కాలమున పల్లెవారిని ఊరిలో నిండు పేరుతో పిలిచెడివారు కారు. ఎంత వృద్ధుడైనను పేరు చివర గాడు అని తగిలించి, ఒరే అని కేకవేసెడివారు. అట్టివారు సువార్త విని, 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సీమలో వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. అది గుంపు గాని గుంపుగా కాదు. ఒక్కొక్కరుగా నీటిలోనికి దిగిరి, ఒక్కొక్కరుగా ప్రభువు నామమున లేచిరి. మన కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచునని యోహాను 10వ అధ్యాయములో చదువుచున్నాము. లోకము గాడు అన్నవానిని ఆయన కుమారుడా అనెను.

అయితే సోదరులారా, ఒకరు మనకు చేసినది మనము మరియొకరికి చేయకుందుముగాక. మన పాలేరును, మన వీధి ఊడ్చు స్త్రీని, మనకంటె తక్కువవారని మనము తలంచువారిని ఎట్లు పిలుచుచున్నాము? బడిలో మన బిడ్డలు తోటి బిడ్డను వంకరపేరుతో పిలుచునప్పుడు నవ్వుచున్నామా, గద్దించుచున్నామా? బాప్తిస్మపు పేరు రిజిస్టరులో వ్రాసికొనుటకు మాత్రమే కాదు, గౌరవముతో పిలుచుటకు.

మనము చేయదగినది

అన్యజనులలోనుండి వచ్చిన మనమీద సున్నతి భారము మోపకూడదని యెరూషలేము సంఘము నిర్ణయించెను (అపొస్తలుల కార్యములు 15). గనుక యూదుల ఆచారమును అనుకరింపుడని నేను చెప్పుటలేదు. అది వారి నిబంధన గురుతు, దానిని గౌరవించుదము. మన ప్రభువు దానిని తన దేహమున పొందెను. అయితే ఆ దినపు ఆత్మను నేర్చుకొనుట మనకు మేలు. కొన్ని సంఘములలో శిశువునకు బాప్తిస్మమిత్తురు, కొన్నింటిలో బిడ్డను దేవునికి ప్రతిష్ఠించి దీవింతురు. ఏ సంఘమువారమైనను ఈ నాలుగు పనులు చేయవచ్చును.

బిడ్డ పేరును ఆదివారపు ఆరాధనలో సంఘము వినునట్లు చెప్పుడి, ఆ పేరు ఎందుకు పెట్టితిరో తల్లి నోటనే చెప్పించుడి. ఎలీసబెతు మాటను బంధువులు నమ్మక పలక తెప్పించిరి. మన సంఘములో తల్లి మాటకు పలక అక్కరలేకుండునుగాక.

ఆడబిడ్డయైనను మగబిడ్డయైనను ఒకే పాట, ఒకే ప్రార్థన, ఒకే మిఠాయి. తేడా చూపవద్దు. చూచి వచ్చు స్త్రీలు బాలెంతరాలితో పలుకు మొదటి మాట దేవునికి స్తోత్రము అను మాటయై యుండవలెను.

సంఘములోని విధవరాండ్రలో ఒకరిని, లేదా బిడ్డలు లేని దంపతులను పిలిచి, బిడ్డను వారి చేతులలో పెట్టి, వారి చేతనే దీవెన ప్రార్థన చేయించుడి. ఒక్కసారి చేసి చూడుడి. ఆ దినమున ఎవరి కన్నులు తడియగునో చూచి దేవుని మహిమపరచుదురు.

పెట్టునది అప్పు లేకుండ పెట్టుడి. గుగ్గిళ్లైనను సరే, బెల్లపు టీయైనను సరే. వచ్చినవారు తిని దీవించి వెళ్లుదురు.

జెకర్యా ఇంటినుండి వెళ్లిన పొరుగువారు, ఈ బిడ్డ ఎట్టివాడగునో అని మనస్సులో ఉంచుకొనిరి. ఆ ప్రశ్న ప్రతి ఉయ్యాల యొద్ద అడుగదగినది. కూలివాని ఇంట మూడవ కుమార్తె ఉయ్యాల యొద్ద కూడ అడుగుడి. ప్రభువు హస్తము ఆమెకు తోడై యుండదని మీకు ఎవరు చెప్పిరి?

ప్రార్థన

మా పేర్లను నీ అరచేతులమీద చెక్కుకొనిన తండ్రీ, ఈ మాసమున మా ఇండ్లలో పుట్టిన ప్రతి శిశువును దీవించుము. నిందపడిన తల్లిని ఆదరించుము. ఒడి నిండని వారిని మరువకుము. బిడ్డలను పోగొట్టుకొనినవారి కన్నీటిని తుడువుము. నీ పూర్వ జనాంగమైన యూదులకు నెమ్మది దయచేయుము, వారి బిడ్డలను కాపాడుము. మా సంఘమును ఎలీసబెతు పొరుగువారివలె ఒకరి సంతోషమందు ఒకరు సంతోషించు సంఘముగా చేయుము. ఎనిమిదవ దినమున యేసు అని పేరు పొందిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.